నాన్న వాచీ కింద పడింది, బాగు చేయించాలా వద్దా?

కావలిలో ఉంటున్న ఒక ఉపాధ్యాయురాలు ఈసారి రాశారు. ఉత్తరం పెద్దది. గుర్తుపట్టే సంగతులు తీసేసి మిగిలినది నా మాటల్లో చెబుతాను.

ఆమె తండ్రి రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఉద్యోగ జీవితం చాలావరకు బిట్రగుంటలోనే గడిచింది. 1976లో ఒక హెచ్‌ఎంటీ జనతా వాచీ కొనుక్కున్నారు. రోజూ ఉదయం కీ ఇచ్చుకోవలసిన రకం. పిల్లలు పెద్దవాళ్లై బ్యాటరీ వాచీలు తెచ్చిచ్చినా వాటిని బీరువాలో పెట్టేసి, చివరిదాకా ఆ కీ వాచీనే కట్టుకున్నారు. నిరుడు పోయారు. ఆఖరి రెండేళ్లూ కూతురి దగ్గరే ఉన్నారు కాబట్టి, పెద్దకర్మ నాడు తల్లి ఆ వాచీ తీసి కూతురి చేతిలో పెట్టారు. ఒంగోలులో ఉండే తమ్ముడికి అది రుచించలేదు. అడగలేదు గానీ "మగవాళ్ల వాచీ కదా అక్కా" అని ఒకసారి, "స్కూలుకు పెట్టుకెళ్లి పాడు చేయకు, బీరువాలో పెట్టుకో" అని మరోసారి అన్నాడు. ఆమె వినలేదు. రోజూ కట్టుకునే వెళ్లారు.

కొద్ది వారాల కిందట, బడికి బయలుదేరే హడావుడిలో వాచీ కట్టుకుంటుండగా పట్టీ పిన్ను ఊడి వాచీ గ్రానైటు నేల మీద పడింది. అద్దం పగిలింది. సెకన్ల ముల్లు ఊడి లోపల దొర్లుతోంది. వాచీ ఆగిపోయింది. ఊపితే కొద్దిసేపు, బోర్లా పెడితే నాలుగైదు నిమిషాలు నడిచి మళ్లీ ఆగుతోంది.

కావలిలో వాచీలు బాగుచేసే పెద్దాయన వెనక మూత తీసి చూసి, "బ్యాలెన్స్ స్టాఫ్ విరిగిందమ్మా, సామాను దొరకదు, 450 రూపాయలిస్తే బ్యాటరీ మిషన్ వేసిస్తాను" అన్నారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపువాళ్లు "మిషన్ మొత్తం మార్చేస్తాం, కొత్త అద్దం వేస్తాం, డయల్ కూడా కొత్తదానిలా చేయిస్తాం, అన్నీ కలిపి 1,300, రెండు రోజుల్లో ఇస్తాం" అన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు అక్కడొకరికి ఫోటోలు చూపిస్తే, విప్పి చూశాకే చెబుతాననీ, సుమారు ఐదు వేలు, రెండు నెలల సమయం పట్టవచ్చనీ ఆయన అన్నాడు. భర్తది ఇంకో దారి: "ఇదే వాచీ ఆన్‌లైన్‌లో 1,500కు వస్తోంది. తెప్పించి కట్టుకో. ఎవరికీ తెలియదు."

తెలియకూడని ఆ "ఎవరు" ఎవరంటే తల్లి, తమ్ముడు. ఇంకో అయిదు వారాల్లో ఒంగోలులో తండ్రి సంవత్సరీకం. చూపు బాగా మందగించిన ఆ తల్లి కూతురు కనబడినప్పుడల్లా ఆమె చెయ్యి పట్టుకుని, వాచీని చెవికి ఆనించుకుని వింటారట. వాచీ పడిందన్న సంగతి ఇంతవరకు ఆ ఇద్దరికీ చెప్పలేదు.

ఆమె ప్రశ్నలు ఇవి. రెండు వేలు కూడా చేయని వాచీకి ఐదు వేలు పెట్టడం పిచ్చితనమా? నలుగురు నాలుగు రకాలుగా చెబుతుంటే ఎవరి మాట నమ్మాలి? అమ్మకు, తమ్ముడికి ఏమని చెప్పాలి? బాగయితే మళ్లీ కట్టుకోవచ్చా, లేక తమ్ముడన్నట్టు బీరువాలో పెట్టేయాలా?

అమ్మా, ముందు ఆ వాచీని ఊపడం మానండి. బోర్లా తిప్పి చూడడం, కీ ఇచ్చి చూడడం కూడా మానండి. "ఇప్పుడేమైనా నడుస్తోందేమో" అని చేతులు ఊరుకోవు, నిజమే. కానీ లోపల అద్దం పలుకులున్నాయి, ఊడిన ముల్లు ఉంది. మీరు ఊపిన ప్రతిసారీ అవి డయల్‌ను గీస్తాయి. మీ నాన్నగారి వాచీలో ఇంకోటి తెచ్చి పెట్టలేని భాగం ఏదైనా ఉంటే అది ఆ డయలే. ఎందుకో తర్వాత చెబుతాను.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, బియ్యపు పొడి కూడా లోపలికి పోతుంది. చెప్పుల పెట్టెల్లోనూ మందు సీసాల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, బాగా మూత పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. అద్దం పగిలిన వాచీలోకి ఆ ఉప్పు గాలి నేరుగా వెళుతుంది. లోపల ఇత్తడి చక్రాలు తట్టుకుంటాయి గానీ ఇరుసులు, చిన్న పళ్లచక్రాలు, కీ ఇచ్చే కడ్డీ ఉక్కువి. ఈ ఏడాది ఆలస్యం చేసి వచ్చే ఏడాది బాగు చేయిద్దామనుకుంటే, అప్పటికి విరిగిన ఒక్క భాగానికి తుప్పు పట్టిన నాలుగు భాగాలు తోడవుతాయి. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా, చివరికి బాగు చేయించకూడదనుకున్నా సరే, పగిలిన అద్దం తీయించి, ఊడిన ముల్లును జాగ్రత్తగా పొట్లంలో పెట్టించి, కొత్త అద్దం బిగించడం మాత్రం ఇప్పుడే చేయించండి. చిన్న పని, కావలిలోనే అవుతుంది.

ఇప్పుడు లోపల ఏమి జరిగి ఉంటుందో చూద్దాం. కీ వాచీలో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉండే చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని బ్యాలెన్స్ అంటారు. తలవెంట్రుక లాంటి హెయిర్ స్ప్రింగ్ దాన్ని లాగి వదులుతూ ఉంటుంది. మీ వాచీ రకంలో దాని టిక్‌టిక్ చప్పుడు గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు వినిపిస్తుంది. ఆ చక్రం తిరిగే ఇరుసే బ్యాలెన్స్ స్టాఫ్. దాని రెండు కొసలూ మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే మందం ఉండి, కెంపు రాళ్ల మధ్య నిలబడతాయి. డయల్ మీద రాసి ఉండే పదిహేడు జువెల్స్‌లో ఇవీ భాగమే. వాచీ గట్టి నేల మీద పడినప్పుడు ఆ చక్రం బరువంతా ఈ సన్నటి కొసల మీదకు వస్తుంది. అందుకే ఆ రాళ్లను చిన్న స్ప్రింగుల మీద కూర్చోబెట్టి, దెబ్బ తగిలినప్పుడు అవి కాస్త పక్కకు జరిగేలా ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటునే పారాషాక్ అంటారు. బల్ల అంచుకు తగిలినా, బస్సు ఊచకు కొట్టుకున్నా అది కాపాడుతుంది. నడుమెత్తు నుంచి గ్రానైటు మీద పడితే ఒక్కోసారి కాపాడుతుంది, ఒక్కోసారి కాపాడదు.

కాబట్టి కావలి పెద్దాయన చెప్పింది నిజమే కావచ్చు. బోర్లా పెడితే నడిచి, తిప్పితే ఆగడం ఇరుసు ఒక కొస విరిగిన వాచీలు చేసే పనే. అయితే అదే లక్షణానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. ఊడిన సెకన్ల ముల్లు మిగతా ముళ్ల కింద ఇరుక్కుని వాచీని ఆపేస్తూ, బోర్లా పెట్టినప్పుడు జారి అద్దం మీద పడి వదిలేస్తూ ఉండవచ్చు. అదే అయితే ఖర్చు అద్దానికి, ముల్లు బిగింపుకే. హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి చిక్కుకోవడం మూడో అవకాశం. వెనక మూత మాత్రమే తీసి చూస్తే ఇరుసు పైకొస కొంత కనబడుతుంది గానీ డయల్ వైపు కొస కనబడదు. దాన్ని చూడాలంటే బ్యాలెన్స్ చక్రాన్ని బయటికి తీయాలి. ఆయన తీశారో లేదో మీ ఉత్తరంలో లేదు. అనుభవం ఉన్న చేతికి చూడగానే కొంత తెలిసిపోతుంది, ఆయన్ను నేను శంకించడం లేదు. కానీ వాచీ భవిష్యత్తు తేల్చే మాట అది. అందుకే ఈసారి ఎవరి దగ్గరికి వెళ్లినా, "బ్యాలెన్స్ బయటికి తీసి రెండు కొసలూ భూతద్దంలో నాకూ చూపించండి, రాయి చిట్లిందేమో, స్ప్రింగు చిక్కుకుందేమో చూడండి, చూసినందుకు వేరే డబ్బిస్తాను" అనండి. ఈ పనికి డబ్బిస్తానన్నవాళ్లను వాచీ మెకానిక్కులు అరుదుగా చూస్తారు. తీరిగ్గా చూస్తారు.

"సామాను దొరకదు" అన్న మాట సగం నిజం. హెచ్‌ఎంటీ 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది, 2016లో ప్రభుత్వం వాచీల విభాగాన్ని మూసేయడానికి నిర్ణయించింది. కంపెనీ నుంచి కొత్త భాగాలు రావడం ఇక కష్టం. కానీ ఆ మధ్య కాలంలో కోట్ల వాచీలు తయారయ్యాయి. ప్రతి పాత వాచీల దుకాణంలోనూ డబ్బాల్లో వాటి మిషన్లు మూలుగుతున్నాయి. అరుదైన స్విస్ వాచీ పడి ఉంటే మీకు ఇంతకన్నా కష్టమయ్యేది. "దొరకదు" అంటే అసలు అర్థం, 450 రూపాయల పనికి ఒక పూటంతా వెతికి, విప్పి, సరిచేసి కూర్చోవడం తనకు గిట్టదని. రోజుకు ఇరవై బ్యాటరీలు మార్చి బతుకుతున్న మనిషిని ఆ మాటకు తప్పు పట్టలేం.

ఆయన చెప్పిన బ్యాటరీ మిషన్ సంగతి మాత్రం నేను గట్టిగానే చెబుతాను. అన్నిటికన్నా చవకగా కనబడే దారి అది, కానీ వాచీ ఎక్కువ పోగొట్టుకునేది కూడా అందులోనే. డయల్ వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, అవి కీ మిషన్ రంధ్రాల్లో కూర్చుంటాయి. బ్యాటరీ మిషన్‌లో ఆ రంధ్రాలు అక్కడ ఉండవు కాబట్టి కాళ్లు కోసేసి డయల్‌ను జిగురుతో అతికిస్తారు. ముళ్ల రంధ్రాల కొలత కూడా కలవదు, వేరే ముళ్లు వేస్తారు. తర్వాత మనసు మారి పాత మిషన్ పెట్టిద్దామంటే డయల్ కూర్చోదు. పైగా మీ అమ్మగారు దాన్ని చెవికి ఆనించుకుంటారని మీరే రాశారు. సెకనుకు ఐదుసార్లు కొట్టుకునేదానికీ, సెకనుకు ఒక్కసారి టక్కుమనేదానికీ తేడా కళ్లున్నవాళ్ల కన్నా ఆవిడే ముందు పట్టేస్తారు. దొరికిపోయే దారి అది. తెలిసి, ఇష్టపడి అందరికీ చెప్పి వేయించుకుంటే అది వేరే విషయం. రోజూ కీ ఇచ్చే ఓపిక లేనివాళ్లు అలా చేసుకుంటారు. మీకు ఆ ఓపిక ఉంది.

నెల్లూరు షాపువాళ్ల మాటలో పనికొచ్చేదీ ఉంది, పనికిరానిదీ ఉంది. అదే రకం పాత మిషన్ తెచ్చి మొత్తంగా మార్చడం చెడ్డ పద్ధతేమీ కాదు. డయల్ కాళ్లు, ముళ్లు, కీ కడ్డీ అన్నీ సరిపోతాయి, వాచీ బయటికి ఏమీ మారదు. దాని లోపమల్లా, వేసే మిషన్ ఎన్ని చేతులు మారిందో, నూనె ఎప్పుడు ఎండిందో మీకు తెలియదు. రెండు రోజుల్లో ఇస్తామంటే దాన్ని విప్పి కడిగి నూనె వేస్తారని నేననుకోను. అలాగే బిగించేస్తారు. ఆరు నెలలు నడవవచ్చు, ఆరేళ్లు నడవవచ్చు. ఆ దారిలో వెళితే మీ పాత మిషన్‌ను పొట్లం కట్టి తిరిగి ఇవ్వాలని ముందే రాయించుకోండి. అడగకపోతే అది వాళ్ల డబ్బాలో చేరి ఇంకొకరి వాచీకి విడిభాగమవుతుంది.

"డయల్ కొత్తదానిలా చేయిస్తాం" అన్న మాటకు మాత్రం అక్కడికక్కడే వద్దనండి. పాత రంగు గీకేసి మళ్లీ రంగు వేసి, అక్షరాలు అచ్చు వేసి ఇస్తారు. తళతళలాడుతుంది. మీ నాన్నగారు యాభై ఏళ్లు చూసిన డయల్ మాత్రం పోతుంది.

ఇక్కడ మీ ఉత్తరంలో పైకి అనని భయం ఒకటి నాకు కనబడింది. లోపల భాగాలు మారిస్తే అది నాన్న వాచీ అవుతుందా అని. దీనికి జవాబు వెనక మూత లోపలి వైపు ఉండవచ్చు. పాతకాలం మెకానిక్కులు సర్వీసింగ్ చేసినప్పుడు అక్కడ సూదితో తేదీయో, తమ గుర్తో గీసేవారు. ఈసారి మూత తీయించినప్పుడు భూతద్దం పెట్టి చూడండి, ఫోటో తీసుకోండి. రైళ్లలో వానకూ బొగ్గుపొడికీ ఎండకూ తిరిగిన గార్డు చేతి వాచీ అన్నేళ్లలో రిపేరుకు పోకుండా ఉండదు. కీ స్ప్రింగు మారి ఉంటుంది, అద్దం ఒకటికి రెండుసార్లు మారి ఉంటుంది, ఎప్పుడో మిషనే మారిపోయి ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఆయన దాన్ని నడిచే వస్తువుగా వాడుకున్నారు, ఆగినప్పుడల్లా బాగు చేయించుకున్నారు. కాబట్టి విరిగిన ఇరుసు మార్చినంత మాత్రాన మీరు అపచారం చేసినట్టు కాదు. ఆయన చేతి గుర్తులున్నవి కేసు మీది అరుగుదల, డయల్ మీది పసుపు, ముళ్లు. వాటిని ఎవరినీ ముట్టనివ్వకండి. కేసుకు పాలిష్ కూడా వద్దు.

మీ వారి ఆలోచనను నేను పూర్తిగా తోసిపుచ్చను, కాకపోతే తిరగేసి వాడదామంటాను. ఆన్‌లైన్‌లో కొత్తవని అమ్మే జనతాల్లో చాలావరకు పాత సామానుకు కొత్త రంగు డయల్ వేసి కూర్చినవే. మీ నాన్నగారి వాచీ స్థానంలో కట్టుకోవడానికి అది నాసి సరుకు. విడిభాగాలకు మాత్రం చక్కగా పనికొస్తుంది. కూలగొట్టిన ఇంటి తలుపులు తెచ్చి మన ఇంటికి బిగించుకున్నట్టే, దాని బ్యాలెన్స్‌ను హెయిర్ స్ప్రింగ్‌తో సహా తీసి మీ మిషన్‌లో పెట్టవచ్చు. ఇరుసు ఒక్కటే మార్చడం పెద్ద పనితనం కావలసిన పని, ఈ వాచీలకు ఆ శ్రమ ఎవరూ పడరు. జతగా మార్చడం చాలామందికి వచ్చు. కొనేముందు మీ మిషన్ మీద చెక్కిన నంబరు చూడమనండి. జనతాల్లో తరచుగా కనబడేది 0231. ఏ నంబరయినా, తెప్పించేదాని మిషన్ ఫోటో అడిగి, అదే నంబరు ఉంటేనే కొనండి. ఫోటో పంపనివాడి దగ్గర కొనకండి. 1,500 పెట్టి కొన్న వాచీ నుంచి ఒక్క భాగం వాడుకుంటే మిగతాది వృథా కదా అనుకోవద్దు. మళ్లీ పదేళ్లకు ఏదైనా విరిగితే ఇంట్లోనే ఉంటుంది.

ఇక ఐదు వేల సంగతి. విప్పి చూశాకే చెబుతానన్న ఆ బెంగళూరు మనిషి మాట నాకు నచ్చింది. ఫోటో చూసి ధర చెప్పేవాడికన్నా నయం. ఆ డబ్బుకు మీకు రావలసింది మొత్తం విప్పడం, కడగడం, నూనె, విరిగినదాని మార్పు, చప్పుడు విని వాచీ నడక కొలిచే టైమింగ్ మిషన్ మీద పెట్టి సరిచేయడం. చివరి దాని ఫోటో అడగండి. అందులో రోజుకు ఎన్ని సెకన్లు ఎక్కువో తక్కువో, చక్రం ఎంత కోణంలో ఊగుతోందో అంకెలుంటాయి. నిండుగా కీ ఇచ్చినప్పుడు పాత వాచీ 250 డిగ్రీలకు అటూ ఇటూ ఊగితే సంతోషించండి. 200 కన్నా తక్కువంటే ఏదో మిగిలిపోయిందని అర్థం. ఆరు నెలలైనా హామీ అడగండి. పార్సిల్‌లో పంపకండి, అబ్బాయి వచ్చినప్పుడు ఇచ్చి పంపండి. అన్నట్టు మీకు బెంగళూరు కన్నా చెన్నై దగ్గర. రైలెక్కితే ఒక్క రోజులో వెళ్లి రావచ్చు, మౌంట్ రోడ్డు, ప్యారీస్ ప్రాంతాల్లో కీ వాచీలు తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. మీరే ఎదురుగా కూర్చుని చూపించుకోవచ్చు.

రెండు వేలు చేయని వాచీకి ఐదు వేలా అని అడిగారు. ఆ రెండు వేలు మీరు దాన్ని అమ్మితే వచ్చే ధర. అమ్మే ఉద్దేశం లేనప్పుడు ఆ లెక్క మీకు ఎందుకు? మీరు వేసుకోవలసిన లెక్క వేరే ఉంది. ఐదు వేలు పోయినా ఆ నెల ఇల్లు ఇబ్బంది పడకుండా గడుస్తుందా? పెట్టాక సంవత్సరానికి మళ్లీ ఆగితే మీరు బాధపడతారా, "సరే, పెట్టాను" అనుకోగలరా? ఈ రెండింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే పెట్టండి. లేకపోతే పైన చెప్పిన విడిభాగాల దారి దాని సగం ఖర్చులో అయిపోవచ్చు. కాకపోతే దానికి మంచి మెకానిక్‌ను వెతికే పని మీ మీద పడుతుంది, కావలి పెద్దాయనే ఒప్పుకుంటే మరీ మంచిది. విడిభాగం మీరే తెచ్చి, పనికి సరైన కూలి ఇస్తానంటే ఆయన మాట మారవచ్చు.

ఏమీ చేయించకుండా అద్దం మాత్రం వేయించి పెట్టుకోవడం కూడా ఒక నిర్ణయమే, అందులో తప్పేమీ లేదు. ఆ దారిలో పోయేది ఒక్కటే, మీ అమ్మగారు వినే ఆ చప్పుడు. దాని విలువ ఎంతో మీకు తెలుసు, నాకు తెలియదు. నన్నడిగితే మాత్రం ముందు బ్యాలెన్స్ తీయించి చూపించుకుని, నిజంగా విరిగితే జతగా మార్పించి, సర్వీసింగ్ చేయించుకుంటాను. అయిదు వారాల్లో తేలాలన్న పట్టుదల పెట్టుకోను.

ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో మిమ్మల్ని తప్పు దారికి తోస్తున్నది ఆ తేదీయే. సంవత్సరీకం లోపల నడవాలన్న తొందర లేకపోతే మీరు బ్యాటరీ మిషన్ గురించి, రెండు రోజుల పని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించరు. తమ్ముడికి తెలియకూడదన్న భయం వాచీ రిపేరును నిర్ణయిస్తోంది. ఆ రెండింటినీ విడదీయండి.

తమ్ముడికి చెప్పకుండా వెళ్లవచ్చు. అప్పుడు వాచీ లేని మీ చేతిని చూసి అతనే అడుగుతాడు, బంధువులందరి ముందు. లేదా ఆన్‌లైన్ వాచీ కట్టుకుని వెళ్లవచ్చు. అమ్మగారు చెవికి ఆనించుకుంటే అది కూడా సెకనుకు ఐదుసార్లే కొట్టుకుంటుంది, బహుశా ఏమీ అనరు. కానీ ఎప్పుడైనా బయటపడిన రోజు, వాచీ పడిందన్న కోపం ఎవరికీ ఉండదు, చూపు సరిగా ఆనని తల్లి చేతిలో వేరే వాచీ పెట్టారన్నదే మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో మీ వారి మాట వినకండి.

మూడో దారి, ముందుగా ఫోన్ చేసి చెప్పడం. "నేను అప్పుడే చెప్పానుగా" అన్న మాట పడతారు. అది తప్పదు, అతను చెప్పిన మాట నిజం కూడా. ఆ మాట అననిచ్చి ఊరుకుంటే సగం వేడి తగ్గుతుంది. తర్వాత అతన్ని ఒక పని అడగండి. నాన్నగారు వాచీని బిట్రగుంటలో ఎవరి దగ్గర బాగు చేయించేవారు, నెల్లూరు తీసుకెళ్లేవారా, మిషన్ ఎప్పుడైనా మారిందా. చిన్నప్పుడు నాన్నగారి వెంట షాపులకు తిరిగినవాడు అతనే అయి ఉంటే, మీకు తెలియనిది అతనికి తెలిసి ఉండవచ్చు. మీకు అది నిజంగా కావలసిన సమాచారం, ఊరికే బుజ్జగించడానికి అడుగుతున్నట్టు ఉండదు. డయల్ ముట్టకూడదన్న సంగతి అతనితో కూడా ఒకసారి అనండి, బహుశా మీకన్నా గట్టిగా పట్టుబడతాడు.

"ఇలా ఇవ్వు, నేనే బాగు చేయించి ఉంచుకుంటాను" అని అతనంటే? అనే అవకాశం బాగా ఉంది. రిపేరు ఖర్చు పంచుకోవడం ఒకటి, వాచీ చేతులు మారడం ఇంకొకటి. మొదటిదానికి మీరు ఒప్పుకోవచ్చు. రెండోది అమ్మగారు ఇచ్చినదాన్ని మార్చడం కాబట్టి ఆవిడ ఉండగా మీరిద్దరే తేల్చుకోకూడదు. పడేశానన్న అపరాధ భావంతో ఆ క్షణంలో సరేననకండి, తర్వాత మీరు కుమిలిపోతారు. నిజంగా ఇవ్వాలనిపిస్తే ఆరు నెలలు పోయాక, నడుస్తున్న వాచీని ఇవ్వండి.

అమ్మగారికి ఫోన్‌లో చెప్పకండి. సంవత్సరీకానికి ఒక రోజు ముందు వెళ్లి, పక్కన కూర్చుని, వాచీ పడింది, ఫలానాచోట బాగవుతోంది అని చెప్పండి. యాభై ఏళ్లు గార్డు ఇల్లాలిగా ఉన్నావిడ. ఆగిన వాచీని గురించి మీరనుకున్నంత కలవరపడతారని నాకు అనిపించడం లేదు. అది ఎన్నిసార్లు ఆగిందో ఆవిడకే ఎక్కువ తెలిసి ఉంటుంది.

చివరిగా, మళ్లీ కట్టుకోవచ్చా అని అడిగారు. కట్టుకోండి. నెలల తరబడి కదలకుండా బీరువాలో ఉన్న కీ వాచీలో కూడా నూనె ఎండుతుంది, అక్కడ పెడితే భద్రమన్నది పూర్తి నిజం కాదు. కానీ వాచీని పడేసింది మీ చెయ్యి కాదు, పది ఇరవై రూపాయల పిన్ను. పట్టీ రెండు వైపులా ఉండే ఆ స్ప్రింగు పిన్నులు చెమటకు తుప్పు పట్టి, లోపలి స్ప్రింగు బిగువు తగ్గి జారిపోతాయి. రెండూ కొత్తవి, స్టెయిన్‌లెస్ ఉక్కువి వేయించండి, ఏడాదికోసారి మార్పించండి. పట్టీ కూడా రెండు ముక్కలది కాకుండా, ఒకే పొడవు గుడ్డ పట్టీ తీసుకోండి. అది రెండు పిన్నుల కింద నుంచీ దూరి వాచీ వెనక భాగం మీదుగా పోతుంది కాబట్టి, ఒక పిన్ను ఊడినా వాచీ రెండోదానికి వేలాడుతుంది, కింద పడదు. కేసు కొమ్ముల (పట్టీ బిగించే కొసల) మధ్య వెడల్పు కొలిపించి ఆ కొలతకే కొనండి. ఇరుకైతే జారుతుంది, వెడల్పయితే కొమ్ములకు ఒరుసుకుంటుంది. కట్టుకునేటప్పుడు మంచం మీద కూర్చుని కట్టుకోండి, నిలబడి వద్దు.